దస్తీ ఉన్నచోట

మొన్న కల్హేర్ పోదామని నారాయణఖేడ్ బస్టాండులో నిలబడి ఉన్నాను. బస్సు ఇంకా పూర్తిగా ఆగనే లేదు, నా పక్కనున్న ఆసామి భుజం మీది దస్తీ తీసి కిటికీలోంచి లోపలి సీటు మీదికి విసిరాడు. మా దగ్గర రిజర్వేషనంటే ఇదే. దస్తీ పడ్డ సీటు దస్తీ వేసినవాడిది. ఆ తర్వాత అతను తీరిగ్గా బీడీ పూర్తిచేసుకుని ఎక్కినా ఎవరూ ఏమీ అనరు. ఆ గళ్ల దస్తీ కిటికీ దాటి పోతుంటే నాకు ఆమె గుర్తొచ్చింది. ఇక ఆ పూట పోయిన పని మీద మనసు నిలవలేదు. చుట్టాలింట్లో చాయ్ చేతిలో పట్టుకుని ఊరికే లేచి గుమ్మం దాకా పోవడం, రావడం. "ఏంది బావా, కాలు నిలుస్తలేదు?" అని వాళ్లు అడిగారు కూడా.

కాలు నిలవకపోవడం నా జబ్బు కాదు. అది ఆమెది.

నేను జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. కూర్చోవడంలో నాకు మంచి పేరుంది. స్టాఫ్ రూములో కిటికీ పక్కన చేతుల కుర్చీ నాదని పిల్లలకు కూడా తెలుసు. నేను సెలవు పెట్టినా అందులో ఎవరూ కూర్చునేవారు కాదు. అలాంటి నా ఎదుట, నా సర్వీసు చివరి రెండేళ్లు, ఆ అమ్మాయి నిలబడింది. వృక్షశాస్త్రానికి గెస్ట్ లెక్చరరుగా వచ్చిన మొదటి రోజు కుర్చీ చూపించి "కూసోమ్మా" అన్నాను. "కూసుంట సార్" అంది. రెండేళ్లూ అదే మాట అంది గానీ కూర్చున్నది లేదు.

గోడకు ఆనుకుని, కుడికాలి మడమతో నేలను టకటక కొడుతూ మాట్లాడేది. చాయ్ సగం తాగి కప్పు ఎక్కడో మరిచిపోయేది. మెట్ల మీద, బోర్డు కింద, ల్యాబులో ఫార్మలిన్ సీసాలో ఉన్న కప్ప పక్కన ఆమె కప్పులు దొరికేవి. సాయంత్రం కాగానే మా అటెండరు "మేడం కప్పులు ఏరుకొస్త" అని బయల్దేరేవాడు. చేతికి ఏ సీసా వచ్చినా, అది నా దగ్గు మందైనా సరే, గోటితో తట్టి, వెలుగుకు ఎత్తిపట్టి, అడుగున ఏం పేరుకుందో చూసి గానీ కింద పెట్టేది కాదు. ఒకసారి ప్రిన్సిపాలు మంచినీళ్ల సీసాను అట్లాగే చూస్తే ఆయన ఆ నీళ్లు తాగడం మానేశాడు.

"ఎందుకమ్మా గంత పరేషాన్? జెర నిమ్మలంగ ఉండరాదు?" అని ఎన్నిసార్లో అన్నాను.

"నేను ఆగుత సార్. అవి ఆగయి కద" అనేది.

అవి అంటే ఈస్టు కణాలు. రొట్టెను పొంగించేవి, కల్లును నురగ కట్టించేవి. ఆమె హైదరాబాదులో యూనివర్సిటీ ల్యాబులో వాటి మీద పరిశోధన చేస్తుండేది. ఫెలోషిప్పు గడువు అయిపోయింది గానీ పని అయిపోలేదు. అందుకని సొంతూరికి వచ్చి, వారమంతా మా పిల్లలకు పాఠాలు చెప్పి, శనివారం పొద్దున బస్సెక్కి ల్యాబుకు పోయి, ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చేది. అక్కడ ఒక సీసాలో అవి పెరుగుతుంటాయి. గంటన్నరకో రెండు గంటలకో ఒకటి రెండవుతుంది. ఆ లెక్క ఆమె ఒంట్లోకి ఎక్కిపోయిందని నా అనుమానం. మా కాలేజీ గంట కొట్టినా "అబ్బ, ఇంకో తరం పుట్టింటది" అనేది.

నాకు అర్థమయ్యేలా చెప్పమని ఒకరోజు పట్టుబట్టాను.

"ఆకలైతే ఏంజేస్తం సార్?"

"హోటలుకు పోతం."

"హోటలు లేదు. ఇంట్ల గింజ లేదు. పొయ్యిలకు కట్టె గూడ లేదు. అప్పుడు?"

ఏదో కరువు ఏడు మా తాత పాత ఎడ్లబండి చక్రం పగలగొట్టి పొయ్యిలో పెట్టాడని మా నాయనమ్మ చెప్పేది. ఆ మాటే అన్నాను. ఆమె గోడను వదిలి నా బల్ల దాకా వచ్చేసింది. "గదే సార్! అచ్చం గదే!"

ఈస్టుకు తిండి ఆపేస్తే అది చావదు. లోపల ఎక్కడో సన్నటి పొరతో ఒక సంచి కుట్టడం మొదలుపెడుతుంది. మొదట దాని మూతి తెరిచే ఉంటుంది. తనలోని పాత సామానును, పాడైన వాటిని, అవసరం లేని వాటిని అందులో చుట్టుకుంటుంది. మూతి మూసి, లోపల అరిగించే గదిలోకి తీసుకుపోయి కరిగిస్తుంది. ఆ కరిగినదానితో మళ్లీ కొన్నాళ్లు బతుకుతుంది. దీన్ని ఆటోఫజీ అంటారు. తెలుగులో స్వీయభక్షణ అంటే ఎవరో ముని ఇచ్చిన శాపంలా ఉంటుందని నేను ఏడిపించేవాణ్ని. ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, ఉపవాసముంటే ఆటోఫజీ, రోగాలన్నీ మాయం అని ఒకటే ఊదర. ఆమె ముందు ఎవరైనా ఆ ముచ్చట తెస్తే "ఈస్టు సంగతే నాకు సగం తెల్వది, మనిషి సంగతి నన్నడగకుండ్రి" అని బయటికి పోయేది.

ఆమెకు కావలసింది ఆ సంచి కూడా కాదు. ఆ పొర. పొర తనంతట తాను పెరగదు. కొన్ని ప్రోటీన్లు వచ్చి దానికి అంటుకోవాలి. వాటిలో ఒకదానికి సైంటిస్టులు పెట్టిన పేరు చివర ఎనిమిది అంకె ఉంది. ఆమె దాన్ని "మా ఎన్మిది" అనేది, ఇంట్లో చిన్న తమ్ముణ్ని అన్నట్టు. ఎన్మిది కణమంతా తిరుగుతుంటుంది. ఆకలైనప్పుడు వచ్చి, ఒక కొవ్వు ముక్కతో ముడిపడి, పొర మీద కూర్చుంటుంది. అది కూర్చుంటేనే సంచి పెరుగుతుంది. ఎన్మిది కూర్చుందా లేదా అన్నదే ఆమె బతుకుకు ప్రశ్న అయిపోయింది. ఎందుకో చెప్పాలంటే కల్లు సంగతి చెప్పాలి.

వాళ్లది తాతల నాటి నుంచి మెథడిస్టు కుటుంబం. వాళ్లమ్మ చర్చిలో స్త్రీల కూడికకు పెద్ద. ఆ ఇంట్లో కల్లు మాటే నిషిద్ధం. అలాంటి ఇంటి పిల్ల పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో ఒక పొద్దున కంగ్టి రోడ్డు మీది ఈతవనంలో ట్యూబులు పట్టుకుని నిలబడింది. ల్యాబులో తరతరాలుగా మెత్తటి తిండి తిని పెరిగిన ఈస్టు కాకుండా, ఎండకూ ఆకలికీ ఓర్చిన మన ఈస్టు కావాలని ఆమె పట్టుదల. కల్లు లొట్టి దించిన గౌడన్న అడిగాడట, "ఎంత వొయ్యాలె బిడ్డా?"

"తాగనీకె కాదన్నా. అడుగున మడ్డి గావాలె."

"మంచి కల్లు ఇడిసిపెట్టి మడ్డి ఏంజేస్కుంటవే?" అని అతను నవ్వి, ట్యూబుల నిండా మడ్డి పోసి, పైగా ఊరికే తాగమని ఒక గ్లాసు కూడా చాపాడట. ఆ కబురు ఆదివారానికి చర్చికి చేరింది. ఒక పెద్దాయన వాళ్లమ్మను ఆపి, "మీ బిడ్డ కల్లు కాడ కనవడ్డదట కద" అన్నాడు.

"నిలవడ్డది నిజమేనయ్యా. కూసున్నదని ఎవరన్న చెప్పిన్రా?" అని వాళ్లమ్మ అడిగింది. ఆ పిల్ల ఎక్కడా కూర్చోదని ఊరందరికీ తెలుసు.

ఆ మడ్డిలోంచి తీసిన ఈస్టు నిజంగానే మొండిది. తిండి ఆపేస్తే ల్యాబు ఈస్టు చచ్చిపోయాక కూడా ఇది బతికే ఉండేది. ఎందుకు? అదే ఆమె థీసిస్. ఎన్మిది ఎక్కడుందో కనబడాలని దానికి జెల్లీఫిష్ నుంచి తెచ్చిన పచ్చటి వెలుగును తగిలించి మైక్రోస్కోపులో చూసింది. ఎన్మిది పొర మీద కూర్చుంటే ఒక్కచోట చుక్కలా మెరవాలి. ల్యాబు ఈస్టులో చుక్క మెరిసింది. కల్లు ఈస్టులో మాత్రం చుక్క లేదు, కణమంతా పచ్చటి మసక. ఎన్నిసార్లు చూసినా మసకే. అంటే మన మొండి ఈస్టులో ఎన్మిది పొర మీద కూర్చోవడమే లేదు, ఇది ఆకలిని ఇంకేదో దారిలో దాటుతోంది! ఎవరూ చూడని దారి. గైడు సంబరపడ్డాడు. ఆమె నాకు ఫోనులో ఆ బొమ్మలు చూపిస్తూ బల్ల చుట్టూ తిరిగింది. నాకు మసక మసకగానే కనిపించింది, ఎందుకంటే అప్పటికే నా కంట్లో శుక్లం.

అలా మా కాలేజీలో రెండో ఏడు వచ్చింది. యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి గడువు దగ్గర పడింది. గడువు లోపల చివరి సెమినారు ఇచ్చి ఒప్పించుకుంటే థీసిస్, దాని వెనకే డాక్టరేటు. లేకుంటే రిజిస్టరులోంచి పేరు కొట్టేస్తారు, ఇన్నేళ్ల పనీ గాల్లో కలుస్తుంది. ఆ సెమినారు గడువు ఆఖరి రోజునే, ఒక శనివారం పడింది. అదే రోజు నాకు హైదరాబాదులో కంటి డాక్టరు దగ్గర చూపించుకునేది ఉంది. "ఇద్దరం ఒక్కటే బస్సుకు పోదాం సార్" అంది.

ఆడవాళ్లకు టికెట్టు తీసేసినప్పటి నుంచి మా బస్సుల్లో సూది మోపే సందుండదు. ఆ రోజు ఇంకా ఎక్కువ. నా మోకాళ్ల సంగతి ఆమెకు తెలుసు. బస్సు వస్తుండగానే "మీ దస్తీ ఇటియ్యిండ్రి" అని నా భుజం మీదిది లాక్కుని, పరుగెత్తి, కిటికీలోంచి మూడో వరస సీటు మీదికి గురిచూసి వేసింది. "మీరు నిమ్మలంగ ఎక్కుండ్రి, నేను నీళ్ల సీసా తెస్త" అని మాయమైంది.

నేను వెనక తలుపు నుంచి ఎక్కాను. మూడో వరస దాకా పోయే మొహం కాదు నాది. వెనక సీట్లో ఉన్న మా పాత విద్యార్థి ఒకడు "సార్, ఈడ కూసోండ్రి" అని లేచాడు, కూర్చున్నాను. ఈలోగా మూడో వరసలో పిల్లాణ్ని ఎత్తుకున్న ఒక తల్లి చేరింది. ఆ తల్లి దస్తీని ముందుకు అందిస్తే, ఎవరో దాన్ని డ్రైవరు వెనక కడ్డీకి వేలాడదీశారు. ఇదంతా నేను చూస్తూనే ఉన్నాను. నాకు సీటు దొరికింది కనుక పెద్దగా పట్టించుకోలేదు.

ఆ తర్వాత ముందు తలుపు నుంచి ఆమె ఎక్కింది. కడ్డీకి నా దస్తీ కనిపించింది. దాని చుట్టుపక్కల నేను కనిపించలేదు.

"ఆపుండ్రి! మా సార్ ఎక్కలే!"

"ఏ సారమ్మా?" అన్నాడు కండక్టరు.

"దస్తీ ఈడున్నది, సార్ లేడు!" అంటూ దిగిపోయింది. చాయ్ దుకాణం, పండ్ల బండ్లు, మూత్రశాల గుమ్మం, అన్నీ వెతికింది. నేను వెనక కిటికీలోంచి "అమ్మా, నేనీడున్న!" అని అరుస్తూనే ఉన్నాను. ఆ బస్టాండు రొదలో ఎవరికి వినపడాలి? బస్సంతా తిట్టుకుంటోంది. చివరికి ఏడుపు మొహంతో వెనక తలుపు ఎక్కి నా మోకాలికే తగిలింది.

"దస్తీ ఏడుంటె నేనాడుంటనా? ఎవరో తీసి కడ్డీకేసిన్రు. నేను ముందుగాలనే ఈడ కూసున్న" అన్నాను, కోపంగానే.

ఆమె నవ్వింది. బస్సు నవ్వింది. బండి కదిలింది. ఆమె నా సీటు పక్కన కడ్డీ పట్టుకుని, మడమ టకటకలాడిస్తూ, సెమినారులో చెప్పేది లోలోపల వల్లిస్తోంది. నిజాంపేట దాటామో లేదో టకటక ఆగింది. రెండేళ్లుగా ఆ చప్పుడు వింటున్న చెవికి ఆగడం కూడా చప్పుడులాగే తెలిసింది. తలెత్తి చూశాను. ఆమె డ్రైవరు వెనక కడ్డీ మీద ఊగుతున్న నా దస్తీ వంక రెప్ప వేయకుండా చూస్తోంది.

"సార్, మల్ల చెప్పుండ్రి."

"ఏంది?"

"దస్తీ సంగతి."

"దస్తీ ఏడుంటె మనిషి ఆడ ఉన్నట్టు కాదంటున్న. దస్తీని ఎవరన్న ఊడబీకి పడేస్తరు, మనిషి పోయి ఇంకో తాన కూసుంటడు. ఎందుకు?"

ఆమె ఫోను తీసింది. ల్యాబులో తనకంటే ముందు పనిచేసి పోయిన సీనియరుకు చేసింది. "అక్కా, కల్లు ఈస్టుకని నువ్విచ్చిన ట్యూబు ఉన్నది కద, దాంట్ల వెలుగు ఎన్మిది తల దిక్కు కట్టినవా, తోక దిక్కా?" అటునుంచి ఏదో జవాబు. "తోకనేనా? పక్కా? తోకనేనా?"

మా ముందు సీట్లోని అవ్వ వెనక్కి తిరిగింది. "ఎవరి బర్రెది బిడ్డా? తోకెవరు కోసిన్రు?"

ఎవరూ నవ్వలేదు, ఆమె మొహం చూసి.

ఆ తర్వాత జోగిపేట దాకా నాకు విడమరిచి చెప్పింది. ఎన్మిది పొర మీద కూర్చునే ముందు, కత్తెరలాంటి ఇంకో ప్రోటీన్ వచ్చి దాని తోక కొస కత్తిరిస్తుంది. ఆ కోసిన చోటే కొవ్వుతో ముడి పడేది. అందుకే వెలుగును ఎప్పుడూ తలవైపే కట్టాలి. తోకకు కడితే, తోకతో పాటు వెలుగు కూడా తెగి కణమంతా తిరుగుతుంది. ఇది ఆ రంగంలో అందరికీ తెలిసిన ముచ్చటే, ఆమెకూ తెలుసు. కానీ ల్యాబు ఈస్టుకు వాడిన ట్యూబు, అంటే వెలుగు కట్టిన ఎన్మిది ఉన్నది, బయటి నుంచి వచ్చింది, అందులో వెలుగు తలకే ఉంది. కల్లు ఈస్టుకు వాడినది సీనియరు వేరే పనికోసం తయారుచేసినది. ఆ పనికి వెలుగు ఏ దిక్కున్నా ఒకటే. పని తెలిసిన అక్క ఇచ్చిందని ఈమె మళ్లీ చూసుకోలేదు. ఇన్నాళ్లూ ఆమె చూసిన మసక తెగిపోయిన తోకది. ఎన్మిది ఎక్కడ కూర్చుందో, అసలు కూర్చుందో లేదో, ఎవరూ చూడలేదు.

"మరి మీ గైడు?"

"అందరు బొమ్మ చూసిన్రు సార్. ట్యూబు ఎవ్వలు చూడలే. నేనే చూడలే."

నేను లోకం తెలిసినవాణ్ననుకుంటాను. అందుకే మెల్లగా చెప్పాను. "చూడు బిడ్డా, ఇయ్యాల అనుకున్నదే చెప్పు. గడువు దాటితే పేరే పోతది. ముందుగాల గట్టెక్కు, తర్వాత దిద్దుకో. ఎవరికి ఎర్కైతది?"

"సార్, మీరు నాకోసం దస్తీ కాడ కూసున్నట్టు నటిస్తరా?" అంది. కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు అడిగింది. నాకు ఒళ్లు మండింది. మంచి చెబితే ఎదురు ప్రశ్నలా అనుకున్నాను. కానీ దిగాక కంటి డాక్టరు దగ్గరికి పోవడానికి కాళ్లు రాలేదు. ఆమె వెనకే ఆటో ఎక్కాను.

యూనివర్సిటీ వరండాలో గైడుకు చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. వాయిదా వేయడానికి ఇంకో రోజు లేదు. "నీ ఇష్టం" అని లోపలికి పోయాడు. నేను వెనక వరసలో కూర్చున్నాను. ఆమె తెర మీద మొదట చుక్క చూపించింది, తర్వాత మసక చూపించింది. ఆ పచ్చదనం ప్రోటీన్‌ది కాదని, తెగిన తోకదని, ప్రోటీన్ ఎక్కడుందో తనకు తెలియదని చెప్పింది. ఇంగ్లీషులోనే చెప్పింది గానీ నాకు ప్రతి మాటా అర్థమైంది. ఒక ప్రొఫెసరు, ఇక నీ దగ్గర మిగిలిందేమిటని అడిగాడు. కల్లు ఈస్టు ఆకలికి ఓర్చుకుంటుంది, అది మాత్రం నిజం, ఎందుకో తెలియదు అంది. హాల్లో ఎవరో దగ్గారు. నేను ఆమె కాళ్ల వంక చూస్తున్నాను. రెండు పాదాలూ నేలకు ఆని ఉన్నాయి, మడమ కదలడం లేదు. నాకు గర్వంగా ఉంది, ఆ పిల్లను రెండు చెంపలూ వాయించాలనీ ఉంది.

పేరు కొట్టేశారు.

తిరుగు బస్సులో ఆమె తలుపు దగ్గరే నిలబడింది. ఇల్లు చేరేసరికి వాళ్లమ్మ గడపలో ఉంది. "ఏమాయె సార్?" అంటే ఏం చెప్పాలో తోచక, "నిజం చెప్పొచ్చిందమ్మా" అన్నాను. ఆ తల్లి బిడ్డ మొహం చూసి, "గట్లనా. పొద్దుగాల సంది ఏం తినలే, ఇంత అన్నం తినమనుండ్రి" అని లోపలికి పోయింది. ఆమె ఆ అన్నం కూడా పొయ్యి దగ్గర నిలబడే తిన్నది.

తర్వాత నెలలు ఎట్లా గడిచాయో తలుచుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఆమె కాళ్లలో ఇంకా వేగం పెరిగింది. క్లాసులో ఒక మూల నుంచి ఇంకో మూలకు తిరుగుతూ చెబుతుంటే పిల్లలు మెడలు నొస్తున్నాయని ఫిర్యాదు చేశారు. కప్పులు ఇప్పుడు నిండుగానే దొరికేవి. గైడు చాలా రోజులు మాట్లాడలేదు. ఒకనాడు ఆయనే ఫోను చేసి, పేరు సంగతి తర్వాత చూద్దాం, శనాదివారాలు తెల్లవారుజామున మైక్రోస్కోపు ఖాళీగా ఉంటుంది, వచ్చి పని పూర్తి చేసుకో అన్నాడు. డిగ్రీ వస్తుందన్న హామీ లేదు, వెళ్లాల్సిన పనీ లేదు. అయినా వెళ్లింది. శుక్రవారం సాయంత్రమే బస్సెక్కేది.

నా దస్తీ ఆ రోజు నుంచి ఆమె దగ్గరే ఉండిపోయింది. అడిగితే "ఉండనియ్యుండ్రి సార్" అంది. ఆ దస్తీ కిటికీలోంచి వేసి సీటు పట్టి, ఎవరో ఒక అవ్వను అందులో కూర్చోబెట్టి, తాను తలుపు దగ్గర నిలబడేదట. మా రూటు కండక్టర్లందరికీ ఆమె అలవాటైపోయింది. "మేడం, ఈసారన్న కూసోండ్రి" అనేవారట. "కూసుంట" అనేదట.

వెలుగును తలకు కట్టిన కొత్త ఎన్మిది తయారు చేయాలి, దాన్ని కల్లు ఈస్టులోకి ఎక్కించాలి, అది నిలిచిందో లేదో చూసుకోవాలి. ఈసారి ప్రతి ట్యూబునూ తానే చేసి, ఏది ఏ దిక్కుందో తానే రెండేసిసార్లు చూసుకుంది. ఒకసారి బూజు పట్టింది, ఒకసారి కరెంటు పోయి పాడైంది. ఎండాకాలం పోయింది, కంది విత్తారు, కంది పూతకొచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తిని నా కుర్చీలో వాలాను. ఫోను.

"సార్, కూసున్నది."

"ఎవరమ్మా?"

"ఎన్మిది సార్! చుక్క! కల్లు ఈస్టుల చుక్క! పొర మీద కూసున్నది!"

"ల్యాబు ఈస్టుల లెక్కనేనా?"

"అచ్చం గట్లనే. ఏం ఫరకు లేదు సార్. నేను చెప్పిన కొత్త దారి గిట్ట ఏం లేదు. గిది ఎందుకు మొండిదో మల్ల మొదటికాంచి చూడాలె."

"మరి ఎందుకే గంత సంబరం?"

"కూసున్నది కద సార్" అని ఫోను పెట్టేసింది.

నాకు కళ్లనీళ్లొచ్చాయి. ఏదో చిన్న పురుగు సంచి మీద పచ్చ చుక్క, దానికి ఖేడులో కూర్చుని నేను ఏడవడమేమిటని మా ఆవిడ విస్తుపోయింది.

ఆ తర్వాత యూనివర్సిటీ రిజిస్టరులో ఆమె పేరు మళ్లీ ఎక్కించారు, చిన్న థీసిస్సే అయినా డాక్టరేటు వచ్చింది. ఇప్పుడు ఎక్కడో ఉత్తరాదిన ల్యాబులో ఉంది. ఎప్పుడో ఒకసారి ఫోను చేస్తుంది, మాట మధ్యలోనే "సార్, గంటయింది, పోవాలె" అని పెట్టేస్తుంది. అవన్నీ వేరే. నాకు మిగిలింది ఆ ఆదివారం సాయంత్రం.

పొద్దు వాలుతుండగా వాళ్లమ్మ మా ఇంటికి వచ్చింది. "సార్, పోరి ఫోను ఎత్తుతలేదు. బందున్నదంటున్నది. జెర బస్టాండు దాక పోయి చూస్తరా?" చెప్పులేసుకుని పోయాను. హైదరాబాదు బస్సు వచ్చింది. ముందు తలుపు దగ్గరే నిలబడ్డాను, ఆమె ఎప్పుడూ అక్కడి నుంచే మొదట దూకుతుంది కనుక. అందరూ దిగుతున్నారు. ఆమె దిగలేదు. లోపలికి తొంగిచూస్తే రెండో వరస సీటు మీద నా గళ్ల దస్తీ. ఆ సీట్లోంచి ఒక అవ్వ మూట సర్దుకుంటూ లేచింది.

"ఈ దస్తీ పిల్ల ఏదవ్వా?"

"నాకు సీటు పట్టిచ్చింది నాయినా. ఆటెన్క ఏడ వోయిందో, నేను చూడలే."

బస్సు ఖాళీ అయింది. దస్తీ ఉంది, ఆమె లేదు. దారిలో ఎక్కడైనా దిగిపోయిందా, తలుపు దగ్గర నిలబడీ నిలబడీ... ఆలోచన ముందుకు పోతుంటే గబగబా మెట్లెక్కాను. "ఆపుండ్రి" అని అరవబోయాను, ఆగే ఉన్న బస్సును.

కండక్టరు గడ్డంతో వెనక్కి చూపించాడు.

ఆఖరి వరసలో కిటికీకి తల ఆన్చి, నోరు కొంచెం తెరిచి, ఒళ్లు మరిచి నిద్రపోతోంది. బ్యాగు ఒళ్లో ఉంది. నేను కడ్డీలు పట్టుకుంటూ దగ్గరికి పోయాను. కూర్చుని ఉన్న ఆ పిల్లను చూడడం నాకు అదే మొదలు. కూర్చుంటే ఇంత చిన్నగా ఉంటుందని తెలియదు.

"లేపాల్నా సార్? బండి డిపోల వెట్టాలె" అన్నాడు కండక్టరు.

ఆమె కుడికాలి వంక చూశాను. మడమ నేలకు ఆని ఉంది.

"డిపో దాక నేను గూడ వస్త" అని పక్క సీట్లో కూర్చున్నాను. "జెర మెల్లగ పోనియ్యమను."